ఆఫీసు లాన్ మీద ఆరొందల బాతులు: అందులో అరుదైన గూస్‌ని కనిపెట్టడం ఎలా

న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకి కెనడా గూస్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పార్కింగ్ లాట్‌లో పెళ్ళి ఊరేగింపులా అడ్డంగా నడుస్తూ హారన్ కొట్టినా తప్పుకోని ఆ నల్లమెడ బాతే, పిల్లల సాకర్ ఫీల్డ్ నిండా పచ్చటి రెట్టలేసి పోయేదీ అదే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదటి వారం వాటికి ఫోటోలు తీస్తారు, రెండో వారం నుంచి కింద చూసుకుంటూ నడుస్తారు. నేనూ పదేళ్ళు అంతే, వాటిని తిట్టుకోవడం తప్ప ఒక్కసారి సరిగ్గా చూసింది లేదు.

తర్వాత బర్డింగ్ పిచ్చి పట్టింది, బైనాక్యులర్స్ కొన్నా, ఊళ్ళన్నీ తిరిగా. అయినా సరే మా ఆఫీసు ముందున్న లాన్ మీదే వైట్-ఫ్రంటెడ్ గూస్ అనే అరుదైనది ఒకటి మూడు వారాల పాటు మేస్తుంటే, రోజూ దాని పక్కనుంచే కాఫీ కప్పు పట్టుకుని నడిచి వెళ్ళిన మహానుభావుణ్ణి నేను. ఎవరో దారిన పోయేవాళ్ళు చూసి ఈబర్డ్‌లో (పక్షులు చూసినవాళ్ళు ఎక్కడ ఏం చూశారో పెట్టే సైట్) రిపోర్ట్ చేస్తే, మ్యాప్‌లో పిన్ మా బిల్డింగ్ మీద పడేసరికి తెలిసింది. ఆ సిగ్గుతో నేర్చుకున్నదే ఇదంతా, మీకైనా పనికొస్తుందని రాస్తున్నా.

చిన్నప్పుడు సంగారెడ్డి దగ్గర మా ఊళ్ళో నానమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది, ఒక పక్క పక్కింటావిడతో ముచ్చట పెడుతూనే. బియ్యాన్ని వేలితో కొంచెం కొంచెం ఇటు జరుపుతూ పోయేది, రాయి వస్తే వేలు దానంతటదే ఆగేది. ఆమె రాయి కోసం వెతికేది కాదు, బియ్యం చూసేది, అంతే. గూస్‌ల గుంపు చూడటం కూడా అచ్చం ఇదే పని. "రేర్ ఏదైనా ఉందా" అని గుంపు మీద అలా కళ్ళు తిప్పితే మీకు ఏమీ దొరకదు, ఒక్కొక్క గూస్‌ని జరుపుకుంటూ పోవాలి.

మొదటి పని: మామూలు కెనడా గూస్‌ని కంఠతా పట్టండి

ఇది బోరే గానీ దీన్ని వదిలేసి ముందుకెళ్ళినవాళ్ళే నాలాగా మూడు వారాలు మిస్ అవుతారు. ఒక ఆదివారం దగ్గర్లోని పార్కుకి వెళ్ళి ఒక్క గూస్‌ని పది నిమిషాలు చూడండి. నల్ల తల, నల్ల మెడ, గడ్డం కింద నుంచి రెండు చెంపల మీదకి ఎక్కిన తెల్ల పట్టీ, లేత రొమ్ము, గోధుమ రంగు వీపు, నల్ల కాళ్ళు, తోక కింద తెలుపు. కాళ్ళు నల్లగా ఉంటాయన్నది బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది. ఇంకా చూస్తే ఒకదానికొకటి పోలిక ఉండదు, ఒకదాని చెంప పట్టీ వెడల్పు, ఇంకోదానిది సన్నం, ఒకటి లావు, ఒకటి బక్క. ఈ తేడాలన్నీ మామూలే అని కళ్ళకి అలవాటవ్వాలి, లేకపోతే ప్రతి రెండో గూస్ మీకు రేర్‌గానే కనిపిస్తుంది.

ఇంకో సంగతి, ఇక్కడ ఏడాది పొడుగునా ఉండే గూస్‌లు వేరు, చలికాలంలో ఉత్తరం నుంచి దిగేవి వేరు, రెండూ ఒకే లాన్ మీద కలిసి మేస్తాయి. లోకల్‌వి ఎక్కడివంటే, ఒకప్పుడు వేటగాళ్ళు బతికున్న గూస్‌లని ఎరగా కట్టేసి పైన పోయేవాటిని దింపేవాళ్ళు, 1935లో ఆ పద్ధతిని బ్యాన్ చేశారు, అప్పుడు వదిలేసినవీ, ఆ తర్వాత గూస్‌ల సంఖ్య పెంచాలని ప్రభుత్వాలే తెచ్చి వదిలినవీ, వాటి పిల్లలు, పిల్లల పిల్లలు. వాటికి వలస వెళ్ళే అలవాటే లేదు. వలస వచ్చేవి క్యూబెక్ ఉత్తరం నుంచి, లాబ్రడార్ నుంచి, కొన్ని గ్రీన్‌లాండ్ నుంచి కూడా. 2009 జనవరి 15న హడ్సన్ నదిలో దిగిన ఆ విమానం గుర్తుంది కదా, ఇంజన్లలో పడినవి కెనడా గూస్‌లే. స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళు ఆ ఇంజన్లలో దొరికిన ఈకలు పరీక్ష చేసి అవి న్యూయార్క్ లోకల్ గూస్‌లు కావు, లాబ్రడార్ వైపు నుంచి వలస వచ్చినవి అని తేల్చారు. చూడ్డానికి రెండూ ఒకటే, ఈక లోపలి కెమిస్ట్రీ చూస్తే గానీ తెలియలేదు.

మనకెందుకు ఇదంతా అంటే, అరుదైన గూస్ ఒంటరిగా రావడం తక్కువ. పైన ఎక్కడో దారి తప్పి, ఆ వలస గుంపులో చేరిపోయి, వాటితో పాటే మన ఊరి లాన్ మీద దిగుతుంది. కాబట్టి జూన్‌లో కనిపించిన అదే ముప్పై గూస్‌ల కుటుంబాన్ని జనవరిలో కూడా చూస్తూ కూర్చుంటే లాభం లేదు. నిన్న వంద ఉన్నచోట ఇవాళ ఐదొందలు ఉంటే, అక్కడికి పరిగెత్తాలి.

ఎప్పుడు వెళ్ళాలి

నవంబర్ చివర నుంచి మార్చి మధ్య దాకా. అందులోనూ అసలైన సీజన్ ఎప్పుడంటే, న్యూయార్క్ స్టేట్ పైభాగంలో గట్టిగా మంచు పడి చెరువులు గడ్డకట్టిన రెండు మూడు రోజులకి. వెదర్ యాప్‌లో మన ఊరి టెంపరేచర్ కాదు, సిరక్యూస్, ఆల్బనీ టెంపరేచర్ చూడండి, అక్కడ బిగుసుకుంటే ఇక్కడ గుంపులు పెరుగుతాయి. మన దగ్గర కూడా చిన్న చెరువులు గడ్డకట్టేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే నీళ్ళు మిగిలిన ఒకటి రెండు చోట్లకే అన్నీ వచ్చి చేరతాయి, మీరు పది చోట్ల తిరిగే పని తప్పుతుంది.

రోజులో అయితే, రాత్రంతా రిజర్వాయర్ లాంటి పెద్ద నీళ్ళ మీద పడుకుని తెల్లారాక మేతకి బయల్దేరతాయి, సాయంత్రం మళ్ళీ నీళ్ళకి. బాగా చలి ఉన్న రోజు మాత్రం అవి కూడా మనలాగే బద్ధకిస్తాయి, తొమ్మిది పదింటి దాకా కదలవు. నేను మొదట్లో పొద్దున ఆరింటికే 18 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో వెళ్ళి ఖాళీ గడ్డి చూసి వచ్చేవాణ్ణి, అంత అవసరం లేదు, ఇడ్లీ తిని వెళ్ళండి. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే దాకా రిజర్వాయర్ గట్టు మీద నిలబడితే గుంపు తర్వాత గుంపు మీ ముందే దిగుతుంది, చూడ్డానికి బావుంటుంది కానీ వెలుతురు చాలదు, రంగులు తెలియవు.

ఎక్కడ

మీ ఆఫీసు లాన్ నుంచే మొదలుపెట్టండి, నేను జోక్ చేయట్లేదు. కార్పొరేట్ పార్కులు, గోల్ఫ్ కోర్సులు, స్కూల్ గ్రౌండ్లు, కౌంటీ పార్కులు, లాన్ గడ్డి పెంచే సాడ్ ఫామ్‌లు, మొక్కజొన్న కోసేశాక కొయ్యకాళ్ళు మిగిలిన చేలు. ఎడిసన్, పిస్కాటవే వైపు ఉంటే రారిటన్ నది పక్కన జాన్సన్ పార్క్, అదే గట్టున హైలాండ్ పార్క్‌లో డొనాల్డ్‌సన్ పార్క్. రాబిన్స్‌విల్ వైపు అయితే అసన్‌పింక్ చెరువు, పక్కనే మెర్సర్ కౌంటీ పార్క్ లేక్. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వర స్వామి గుడికి ఎలాగూ వెళ్తుంటారు కదా, అక్కడ్నుంచి పడమరకి ఓ అరగంట వెళ్తే రౌండ్ వ్యాలీ, స్ప్రూస్ రన్ రిజర్వాయర్లు. మా ఇంట్లో అయితే "దర్శనానికి వెళ్దామా" అని నేనే ముందు అడుగుతుంటే మా ఆవిడకి అనుమానం, డిక్కీలో స్కోప్ (పక్షులు చూసే టెలిస్కోప్) ఉందా లేదా అని చెక్ చేశాకే కారెక్కుతుంది.

తెల్లటి స్నో గూస్‌ల గుంపు కావాలంటే వారెన్ కౌంటీలో మెరిల్ క్రీక్ రిజర్వాయర్, లేదా అట్లాంటిక్ సిటీ దగ్గర ఫోర్‌సైత్ రెఫ్యూజ్, అక్కడ ఎనిమిది మైళ్ళ రోడ్డు మీద కారు దిగకుండానే చూసుకుంటూ వెళ్ళొచ్చు. పెన్సిల్వేనియాలో లాంకస్టర్ దగ్గర మిడిల్ క్రీక్ అయితే ఫిబ్రవరి చివర్లో కొన్నేళ్ళు లక్ష స్నో గూస్‌లు దాటతాయి, ఒక్కసారిగా లేస్తే ఆ చప్పుడుకి పక్కవాడు చెప్పేది వినపడదు. అది ఎక్స్‌కర్షన్, అసలు పని మాత్రం ఊళ్ళోనే.

సామాను గురించి రెండు ముక్కలు

8x42 బైనాక్యులర్స్ ఉంటే మొదలుపెట్టొచ్చు. స్కోప్ ఉంటే ఆట మారిపోతుంది, అప్పు తీసుకున్నా పర్లేదు, లేదంటే బాగా జూమ్ ఉన్న కెమెరా అయినా సరే, తీసిన ఫోటోని ఇంటికొచ్చి పెద్దది చేసుకుని ఒక్కో తలని చూడొచ్చు. ట్రైపాడ్ కాళ్ళు ఐస్ మీద పెట్టకండి, నాది ఒకసారి వాలు గట్టు మీద నుంచి జారి కింద గడ్డకట్టిన నీళ్ళ అంచు దాకా స్లెడ్‌లా వెళ్ళింది, గూస్‌లన్నీ మెడలెత్తి దాన్నే చూశాయి. వేళ్ళు బయటికి తీసే వీలున్న గ్లవ్స్ తప్పనిసరి.

అసలు చూడటం

కారులోంచి దిగకండి. గూస్‌లకి కారంటే లెక్క లేదు, మనిషి దిగి రెండు కాళ్ళ మీద నిలబడితే మాత్రం గుంపు మొత్తం దూరం జరుగుతుంది. సూర్యుడు మీ వెనక ఉండేలా పార్క్ చేయండి, ఎదురెండలో అన్నీ నల్లగా కనిపిస్తాయి, అప్పుడు ఏ రంగూ చెప్పలేం.

ముందు బైనాక్యులర్స్ లేకుండా ఒక చూపు. గుంపులో తెల్లది ఉందా, బాగా చిన్నది ఉందా, చెంప మీద తెలుపు లేని గోధుమ రంగు తల ఉందా. అలా ఏదైనా వెంటనే దొరికితే అదృష్టం, ఎక్కువసార్లు దొరకదు.

తర్వాత స్కోప్ ఎడమ చివర పెట్టి కుడివైపుకి, ఒక్కొక్కటిగా. ఇక్కడ నేను చేసే ట్రిక్ ఏంటంటే లెక్కపెట్టడం. ఒకటి, రెండు, మూడు అని నోట్లో అనుకుంటూ పోతే ప్రతి గూస్ మీదా కన్ను ఆగక తప్పదు, లెక్కపెట్టకుండా చూస్తే యాభై దాటాక బుర్ర ఎక్కడికో పోతుంది, సోమవారం మీటింగ్ గుర్తొస్తుంది. ఎలాగూ రిపోర్ట్ చేసేటప్పుడు సంఖ్య కావాలి కాబట్టి ఒక దెబ్బకి రెండు పిట్టలు.

మొదటి విడత తలలు చూస్తూ వెళ్ళండి. కానీ మేసే గూస్ తల గడ్డిలో ఉంటుంది, పడుకున్న గూస్ తల వీపు ఈకల్లో ఉంటుంది, అంటే సగం గుంపుకి తలే కనపడదు. అందుకే రెండో విడత కాళ్ళు. నిలబడి ఉన్నవాటి కాళ్ళు మాత్రమే చూస్తూ పోండి: నలుపు, నలుపు, నలుపు, నలుపు... మధ్యలో నారింజ రంగు కాళ్ళు కనపడ్డాయనుకోండి, ఆ క్షణం గుండె ఆగుతుంది. నాకు మొదటి వైట్-ఫ్రంట్ అలాగే దొరికింది. తల ముందున్న కెనడా గూస్ వెనకాల దాక్కుంది, ఒళ్ళంతా కనపడట్లేదు, రెండు నారింజ కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి, పచ్చగడ్డి మీద క్యారెట్ ముక్కలు పెట్టినట్టు. ముందున్నది కదులుతుందా, కదలదు, అక్కడే గడ్డి పీకుతూ పావుగంట. నేను స్కోప్‌లోంచి కన్ను తీయలేదు, చేతులు మొద్దుబారిపోయాయి. చివరికి ఒక కుక్కని వాకింగ్‌కి తీసుకొచ్చారు ఎవరో, ఆరొందల మెడలు ఒకేసారి పైకి లేచాయి, అప్పుడు కనపడింది గులాబీ ముక్కు, దాని చుట్టూ సున్నం పూసినట్టు తెల్ల చార, పొట్ట మీద నల్ల అడ్డగీతలు.

ఆ మెడలెత్తే క్షణం కోసం రెడీగా ఉండండి. కుక్క రావచ్చు, బాల్డ్ ఈగిల్ పైనుంచి పోవచ్చు, లీఫ్ బ్లోవర్ స్టార్ట్ అవ్వొచ్చు, ఆ పది సెకన్లలో గుంపులో ఉన్న ప్రతి తలా పక్క నుంచి కనిపిస్తుంది. అలాగని మీరే వెళ్ళి అదిలించకండి, ఆ సంగతి చివర్లో చెప్తా.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే పల్లంలో ఉన్నవి అస్సలు కనపడవు, నేను నాలుగొందలు లెక్కపెట్టి అయిపోయిందనుకున్న గుంపులోంచి ఎగిరినప్పుడు ఏడొందలు లేచిన రోజులున్నాయి. అరగంట ఆగండి, మేస్తూ మేస్తూ అవే పైకి వస్తాయి. ఎగిరేటప్పుడు చెవులు కూడా పెట్టండి, కెనడా గూస్ అరుపు మనకి తెలిసిందే, వైట్-ఫ్రంట్‌ది సన్నగా, ఎవరో పకపకా నవ్వినట్టు రెండు మూడు ముక్కలుగా వస్తుంది.

ఏమేం దొరకొచ్చు

క్యాక్లింగ్ గూస్. ముందు దీంతోనే తలనొప్పి. 2004 దాకా ఇది కూడా కెనడా గూసే అన్నారు, ఆ ఏడాదే విడదీసి వేరే జాతి చేశారు. అంటే రంగులన్నీ అవే, సైజు, ఆకారం తేడా. చెరువుల్లో మామూలుగా కనిపించే మల్లార్డ్ బాతు కంటే కొంచెం పెద్దది అంతే, పెద్ద కెనడా గూస్ పక్కన నిలబడితే అన్న చెయ్యి పట్టుకుని వచ్చిన తమ్ముడిలా ఉంటుంది. కానీ సైజు ఒక్కటే నమ్మారంటే అయిపోయారు. పల్లంలో ఉన్నది చిన్నగా కనిపిస్తుంది, ఆడది చిన్నగా ఉంటుంది, వెనక వరసలో ఉన్నది స్కోప్‌లో ఇంకోలా కనిపిస్తుంది, పైగా కెనడా గూస్‌లోనే చిన్న రకం ఒకటుంది. నా మొదటి "క్యాక్లింగ్" అలాంటిదే, రిపోర్ట్ పెట్టేశా, ఫోటో చూసిన పెద్దమనిషి ఒకాయన మర్యాదగా "ముక్కు చూడండి" అని మెసేజ్ పెట్టాడు. చూశా. చాంతాడంత పొడుగు ముక్కు.

కాబట్టి ముక్కు చూడండి. తల సరిగ్గా పక్క నుంచి కనపడేదాకా ఆగి, ముక్కు పొడుగుని తలతో పోల్చండి. కెనడాకి నుదురు నుంచి ముక్కు దాకా జారుడుబల్లలా ఒకే వాలు, ముక్కు పొడుగు. క్యాక్లింగ్‌కి నుదురు నిటారుగా లేచి తల డబ్బాలా కనపడుతుంది, ముక్కు పొట్టిగా మొద్దుగా, ఎవరో సగానికి విరిచేసినట్టు. మెడ పొట్టి, వీపు మీద చాలాసార్లు వెండి పొడి చల్లినట్టు ఉంటుంది. ఈ నాలుగూ కలిస్తేనే క్యాక్లింగ్, ఒకటి రెండు కలిస్తే "చిన్న కెనడా" అని రాసుకుని ఊరుకోండి.

వైట్-ఫ్రంటెడ్ గురించి పైన చెప్పా. దీనికి ముక్కు కూడా చూసుకోండి, గులాబీ రంగయితే ఉత్తర అమెరికా పడమటి వైపుది, నారింజ రంగయితే గ్రీన్‌లాండ్‌ది కావచ్చు, అవి మామూలుగా ఐర్లాండ్, స్కాట్లాండ్‌లో చలికాలం గడపాలి, దారి తప్పి ఇటొచ్చినవి అన్నమాట. పిల్ల గూస్‌కి నుదుటి తెలుపు, పొట్ట గీతలు ఉండవు, కాళ్ళ రంగుతోనే పట్టుకోవాలి. పార్కుల్లో తిరిగే పెంపుడు గ్రేలాగ్ బాతుకి కూడా నారింజ ముక్కే ఉంటుంది గానీ అది బొద్దుగా, పొట్ట నేలకి వేలాడుతూ, ముక్కు లావుగా ఉంటుంది, మనుషులు బ్రెడ్ తెస్తే ముందు పరిగెత్తేది అదే. ఆ పెంపుడువీ కెనడావీ కలిసి పుట్టిన సంకరాలు కూడా ఉంటాయి, చెంపలు మసకమసగ్గా, కాళ్ళు నారింజ, ఏ బొమ్మతోనూ కలవనిది కనిపిస్తే ముందు ఆ అనుమానమే పడండి.

పింక్-ఫుటెడ్ ఇంకా అరుదు, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్‌లో పుట్టేది. కెనడా కంటే బాగా చిన్నది, ముదురు చాక్లెట్ రంగు తల, చిన్న ముక్కు మీద గులాబీ పట్టీ, గులాబీ కాళ్ళు. దూరం నుంచి చెంప తెలుపు లేని ముదురు తల ఒక్కటే మీకు దొరికే క్లూ.

స్నో గూస్ ఒకటి కెనడా గుంపులో కనిపిస్తే బావుంటుంది గానీ పెద్ద వార్త కాదు. అందులోనే తల మాత్రం తెల్లగా ఉండి ఒళ్ళంతా బూడిద రంగున్నది ఉంటుంది, దాన్ని బ్లూ గూస్ అంటారు, కొత్తవాళ్ళు దాన్ని చూసి ఎగిరి గంతేస్తారు, అదీ స్నో గూసే, ఇంకో రంగు చొక్కా వేసుకుంది. అసలు వెతకాల్సింది రాస్ గూస్. స్నో గూస్‌ని ఉతికితే కుంచించుకుపోయినట్టు ఉంటుంది, గుండ్రటి తల, పొట్టి మెడ, బుజ్జి ముక్కు. స్నో గూస్ ముక్కు రెండు దవడల మధ్య నల్లటి గీత తెరుచుకుని ఎప్పుడూ ఇకిలిస్తున్నట్టు ఉంటుంది, రాస్‌కి ఆ ఇకిలింపు ఉండదు, నోరు మూసుకుని బుద్ధిగా కూర్చున్న పిల్లలా ఉంటుంది. వేలల్లో ఉన్న తెల్ల గుంపులో దీన్ని వెతకడమే నిజంగా బియ్యంలో తెల్లరాయి ఏరడం.

బ్రాంట్ అనే గూస్ సముద్రం ఒడ్డున చలికాలమంతా వేలల్లో ఉంటుంది, అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు, అదే ఊరి మధ్య చెరువులో ఒకటి దిగితే అప్పుడు గొప్ప.

పేపర్లు చూపించు

బార్నకల్ గూస్ గురించి వేరేగా చెప్పాలి. పేరు అడగక్కర్లేనంత అందం, తెల్లటి ముఖం, నల్ల మెడ రొమ్ము దాకా దిగి, వీపు మీద బూడిద నల్ల చారలు, ఒళ్ళంతా ఇస్త్రీ చేసినట్టు. చూడగానే గుర్తుపడతారు, గొడవంతా అది ఎక్కడ్నుంచి వచ్చిందనే. గ్రీన్‌లాండ్ నుంచి తనంతట తను ఎగిరొచ్చిందా, ఎవరి పెరట్లోంచో తప్పించుకుందా. ఇక్కడ ఇలాంటి బాతులని పెంచుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అంటే వచ్చిన ప్రతి బార్నకల్‌కీ మనలాగే స్టేటస్ చెక్ ఉంటుంది.

ఏం చూడాలంటే: కాలికి ప్లాస్టిక్ లేదా పేరులేని రింగ్ ఉందా, రెక్క కత్తిరించినట్టు ఉందా, మనిషి దగ్గరికొస్తే భయపడుతోందా లేక బ్రెడ్ అడుగుతోందా. ఇంకోటి చాలామందికి తెలియదు, కుడి కాలికి వెనక వేలు ఉందా లేదా చూడండి, పెంచేవాళ్ళు బాతులకి గుర్తు పెట్టడానికి రూల్స్ ప్రకారం వాడే పద్ధతుల్లో ఆ వేలు తీసేయడం ఒకటి. గడ్డిలో ఆ వేలు కనపడటం కష్టం, నున్నటి ఐస్ మీదో రోడ్డు మీదో నడిచినప్పుడు ఫోటో తీసుకోవాలి. అన్నీ బావుండి, వలస గుంపుతోనే వచ్చి, వాటితోనే ఎగురుతుంటే అడవిదే అయ్యుండే ఛాన్స్ ఎక్కువ.

ఈ లెక్కన నాకు బాధేసేది మన బాతు విషయంలో. మంజీరా దగ్గర చలికాలంలో దిగుతాయే, తెల్ల తల మీద వెనకవైపు రెండు నల్ల గీతలున్నవి, బార్-హెడెడ్ గూస్, హిమాలయాలు దాటి వచ్చేవి. చిన్నప్పుడు మా ఊరి చెరువు మీద చూసిన అదే బాతుని ఇక్కడ ఒక పార్కులో కెనడా గుంపు మధ్య చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది, నాన్నకి వీడియో కాల్ కూడా చేశా. "ఇది అంత దూరం ఎట్లొచ్చిందిరా" అన్నాడు. ఎగిరి రాలేదు నాన్నా, ఎవరో పెంచుకుంటే తప్పించుకుంది. లిస్టులో అది ఎస్కేపీ, లెక్కలోకి రాదు.

మెడ పట్టీలు, కాలి రింగులు

లెక్కపెడుతూ పోతుంటే మధ్యమధ్యలో మెడకి ప్లాస్టిక్ కాలర్ ఉన్నవి కనిపిస్తాయి, దాని మీద పెద్ద అక్షరాలు, అంకెలు. రంగు, అక్షరాలు, పైనుంచి కిందికా పక్కకా ఎలా రాసుందో అన్నీ రాసుకుని ఫోటో తీసుకోండి. రిపోర్ట్‌బ్యాండ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్‌లో ఎక్కిస్తే దానికి ఎక్కడ, ఏ ఏడాది ఆ పట్టీ వేశారో చెప్తూ మీ పేరు మీద ఒక సర్టిఫికెట్ పంపుతారు. మా అబ్బాయి దాన్ని ఫ్రిజ్ మీద అతికించాడు, వాడి కరాటే సర్టిఫికెట్ పక్కన. పట్టీ దూరంగా ఉత్తరాన వేసిందని తేలితే ఆ గుంపు వలసదని అర్థం, అక్కడే ఇంకో గంట ఎక్కువ కూర్చోండి.

దొరికాక

ముందు ఫోటో. ఎంత చెత్తగా ఉన్నా పర్లేదు, ఫోన్‌ని స్కోప్‌కి ఆనించి తీసినా చాలు. తల పక్క నుంచి, కాళ్ళు, వీలైతే పక్కన కెనడా గూస్ ఒకే ఫ్రేమ్‌లో ఉండేలా, సైజు తెలియడానికి. తర్వాతే పుస్తకం తెరవండి, ముందు పుస్తకం తెరిస్తే మీరు తలెత్తేసరికి గుంపు ఎగిరిపోయి ఉంటుంది, నాకు రెండుసార్లు అయ్యింది. తర్వాత ఈబర్డ్‌లో పెట్టండి, మొత్తం లెక్కతో సహా, పిన్ కరెక్ట్‌గా ఎక్కడ చూశారో అక్కడ పెట్టండి. అరుదైనదైతే ఒక వాలంటీర్ రివ్యూయర్ అడుగుతారు, కోపం తెచ్చుకోకుండా ఫోటో ఇవ్వండి. ఏమీ దొరకని రోజు కూడా లెక్క పెట్టండి. "కెనడా గూస్ 612" అన్నది కూడా పనికొచ్చే సమాచారమే.

మర్నాడు మళ్ళీ అదే గుంపు దగ్గరికి వెళ్ళండి. గుంపు అంటే ఒకే గూస్‌ల జట్టు కాదు, రోజూ కొన్ని పోతాయి, కొన్ని చేరతాయి. శనివారం లేనిది మంగళవారం ఉండొచ్చు, అందుకే యాభై మైళ్ళు కారేసుకుని ఒకసారి వెళ్ళేవాడి కంటే రోజూ లంచ్ టైములో పది నిమిషాలు కిందకి దిగేవాడికే ఎక్కువ దొరుకుతాయి.

ఇక మర్యాదల సంగతి. రైతు పొలంలోకి అడుగు పెట్టకండి, రోడ్డు మీద నుంచే. ఆఫీస్ పార్కుల్లో సెక్యూరిటీ వచ్చి "ఆ పెద్ద లెన్స్‌తో ఏం చేస్తున్నారు" అని అడుగుతారు, మన రంగు చూసి కాస్త ఎక్కువే అడగొచ్చు, నన్ను ఒకసారి ఐడీ కూడా చూపించమన్నారు. స్కోప్ బిల్డింగ్ కిటికీల వైపు తిప్పకండి, గూస్‌ని వాళ్ళకి చూపించండి, నూటికి తొంభైమంది చూసి నవ్వి వెళ్ళిపోతారు. వేట సీజన్‌లో అసన్‌పింక్ లాంటి చోట్లకి వెళ్తే నారింజ రంగు జాకెట్ వేసుకోండి. గుంపుని కావాలని లేపకండి, ఆ చలిలో ప్రతి ఎగురుడుకీ అవి తిన్న మేత ఖర్చవుతుంది, పైగా మీ తర్వాత చూడ్డానికి వచ్చేవాడికి ఖాళీ గడ్డి మిగులుతుంది.

చచ్చిన గూస్ కనపడితే చేత్తో ముట్టుకోవద్దు, పిల్లల్ని, కుక్కని దగ్గరికి పోనివ్వద్దు. 2022 నుంచి బర్డ్ ఫ్లూ ఇక్కడి అడవి పక్షుల్లో తిరుగుతోంది, గూస్‌లకీ బాగానే సోకుతోంది. ఒకేచోట నాలుగైదు చచ్చి పడుంటే స్టేట్ వైల్డ్‌లైఫ్ వాళ్ళకి ఫోన్ చేయండి. గడ్డి మీద నడిచిన బూట్లు విడిగా పెట్టుకోండి, ఇంట్లో కోళ్ళు ఉన్న ఫ్రెండ్ దగ్గరికి వాటితోనే వెళ్ళకండి. మా ఇంట్లో అయితే రూల్ చాలా సింపుల్, గూస్ బూట్లు డిక్కీలో ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి, గరాజ్ తలుపు దాటి లోపలికి వచ్చాయంటే ఆ రాత్రి నేనూ గరాజ్‌లోనే.